కలకడ ఎండలో కూజా మొక్క

కర్నూలు నుంచి చిత్తూరు వెళ్లే జాతీయ రహదారి మీద, రాయచోటి దాటి పీలేరు వైపు వస్తుంటే కలకడ తగులుతుంది. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలం. చుట్టూ బోడిగుట్టలు, మధ్యలో కర్రలకు కట్టిన టమోటా తోటలు, చెనక్కాయ చేలు. కాస్త దూరంలో గుర్రంకొండ కోట. వానొస్తే చెరువు, రాకపోతే బోరు... ఆ బోరులోనూ నీళ్లు పడాలంటే ఎన్ని వందల అడుగులు దిగాలో భూమాతకే తెలియాలి!

ఇలాంటి ఊళ్లో పురుగుల్ని పట్టి తినే మొక్కను కుండీలో పెంచడం కుదిరే పనేనా?

నెపంథిస్ పేరు మనకు కొత్తేం కాదు. బడిలో సైన్సు పుస్తకంలో బొమ్మ చూసి, పెన్సిలుతో గీసి, మూత, కూజా, నులితీగ అని భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అసలు మొక్కను కళ్లతో చూసినవాళ్లే తక్కువ. ఇప్పుడు పరిస్థితి మారింది. బెంగళూరు నర్సరీల్లో, ఇంటర్నెట్ అంగళ్లలో చిన్న ప్లాస్టిక్ కుండీలకు వేలాడుతూ కూజాలు కనిపిస్తున్నాయి. మదనపల్లె నుంచి బెంగళూరు మూడు గంటల ప్రయాణం. పెళ్లికో, ఆసుపత్రికో వెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు పిల్లల కోసం ఒకటి పట్టుకొస్తే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు. ఇంట్లో అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇదేందిరా నాయనా, ఆకు కొనకు చెంబు కట్టి మూతేసినట్టుందే!’ అనక మానదు. నిజానికి అంతకంటే చక్కగా ఆ మొక్కను వర్ణించడం వృక్షశాస్త్రజ్ఞులకూ కష్టమే.

చిక్కంతా ఆ తర్వాతే. నెల తిరిగేలోగా కూజాలు ఒక్కొక్కటే మూతి దగ్గర నుంచి ఎండిపోతాయి. కొత్త ఆకులు వస్తాయి కానీ వాటి చివర కూజా ఊరదు. నల్లటి మొగ్గలా మాడి ఆగిపోతుంది. ‘మన ఎండకు తట్టుకోలేదులే’ అనేసి కుండీని మిద్దె మూలకు నెట్టేస్తారు. తప్పు ఎండది కాదు... ఎండది మాత్రమే కాదు. ఆ మొక్కకు పోసిన నీళ్లది!

మూత మూసుకోదు

ముందుగా ఒక అపోహ. పురుగు లోపల పడగానే పైనున్న మూత టపీమని మూసుకుంటుందని చాలామంది నమ్మకం. పిల్లలైతే అగ్గిపుల్లతో కెలికి మరీ చూస్తారు. అది మూసుకోదు. మొదటిసారి తెరుచుకున్నాక ఇక ఎప్పటికీ తెరిచే ఉంటుంది. ఆ మూత పని వాన నీళ్లు లోపల పడి రసం పలచబడకుండా గొడుగు పట్టడం.

మరి పురుగు ఎలా చిక్కుతుంది? కూజా మూతి చుట్టూ గాజుగాజుల్లా మెరిసే పెదవి ఉంటుంది. దానిమీద సన్నటి గాళ్లు. అక్కడక్కడా తేనె ఊరుతుంది. పొడిగా ఉన్నప్పుడు చీమలు దానిమీద హాయిగా తిరిగి, తేనె తాగి, వెళ్లిపోతాయి. వెళ్లి మిగతా చీమల్ని పిలుచుకొస్తాయి. ఆ వేళకు మంచు పడో, వాన తుంపరకో, గాలిలో తేమకో పెదవి తడిసిందంటే అంతే సంగతులు. వాన పడ్డ తారురోడ్డు మీద టైరు జారినట్టు చీమ కాళ్లు పట్టుతప్పుతాయి. ఈ సంగతిని పరిశోధకులు 2004లో ప్రయోగాలతో నిరూపించారు. లోపలి గోడ మీద మైనం పూత. పైకి పాకే దారి లేదు. అడుగున ఉన్నది ఉత్త నీరు కాదు, మాంసాన్ని కరిగించే ఎంజైములున్న రసం. కొన్ని రోజుల్లో చీమలో పనికొచ్చే సారమంతా మొక్కకు చేరుతుంది. డొల్ల పెంకులు అడుగున మిగులుతాయి.

ఇంకో విచిత్రం. మన దేశపు కూజా మొక్క పెదవి అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలుగుతుందని కేరళలోని పాలోడు వద్ద ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఉష్ణమండల ఉద్యానవన పరిశోధన సంస్థ వాళ్లు 2013లో ప్రకటించారు. మన కంటికి కనిపించని ఆ నీలి వలయం పురుగులకు పిలుపు అన్నమాట.

ఇంత తతంగం ఎందుకంటే... ఆకలి! ఈ మొక్కలు పుట్టిన నేలలో నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. ఎడతెగని వానలకు సారమంతా కొట్టుకుపోయిన నేల అది. వేళ్లు ఇవ్వలేనిదాన్ని ఆకులు సంపాదించుకోవడం మొదలుపెట్టాయి. పేదరికంలోంచి పుట్టిన తెలివి అది. కాబట్టే ఈ మొక్కను పెంచేవాళ్లు మొదట మరిచిపోవాల్సిన మాట ‘ఎరువు’. పడమటి మండలాల్లో ఏ ఇంటి వసారాలో చూసినా యూరియా, డీఏపీ బస్తాలుంటాయి. టమోటాకు వేసిన చేత్తోనే దీనికీ చిటికెడు వేశారనుకోండి, వేళ్లు మాడిపోతాయి. పుంగనూరు పొట్టి ఆవు తక్కువ మేతతో నెట్టుకొస్తుందని పేరు. దానికి ఇంకో మోపు పచ్చిగడ్డి వేస్తే సంతోషంగా తింటుంది. ఈ మొక్కకు అలా కుదరదు. ఎక్కువైతే చావే.

ఇంతకీ ఇది ఏ కూజా?

నర్సరీలో అడిగితే ‘పిచ్చర్ ప్లాంటండీ’ అంటారు తప్ప ఇంకో మాట చెప్పరు. కానీ కూజా మొక్కలన్నీ ఒక కుటుంబం కాదు. ఆకు చివరి నుంచి సన్నటి నులితీగ సాగి, దాని కొనకు కూజా వేలాడుతుంటే అది నెపంథిస్. అలా కాకుండా ఊదుకొమ్ముల్లాంటి గొట్టాలు నేలలోంచి నిటారుగా లేస్తే అది ఉత్తర అమెరికాకు చెందిన సర్రాసేనియా. దానికి ఏటా మూడు నాలుగు నెలల చలినిద్ర కావాలి. మన మైదానాల్లో అంత చలి ఎక్కడి నుంచి తెస్తాం? ఎంత అందంగా ఉన్నా కలకడవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఆస్ట్రేలియాలో బొటనవేలంత కూజాలతో నేలను అంటిపెట్టుకుని పెరిగే సెఫలోటస్ అని ఇంకోటుంది. అది మన నర్సరీల దాకా రావడం అరుదు.

నెపంథిస్‌లోనే 170కి పైగా జాతులున్నాయి. మడగాస్కర్ నుంచి శ్రీలంక, మలేసియా, ఫిలిప్పీన్స్ మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర కొస దాకా వాటి రాజ్యం. బోర్నియోలోని కినబాలు కొండమీద రెండు లీటర్లకు పైగా పట్టే కూజాలున్న జాతి ఉంది. 2022లో అదే దీవిలో భూమి లోపల కూజాలు పెట్టే జాతి బయటపడింది. ఇవేవీ మన కుండీలోకి రావు కాబట్టి వదిలేద్దాం.

మన ఊళ్లకు ఎక్కువగా వచ్చేది ‘వెంట్రాటా’ అనే సంకరం. కూజా నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండి, కింద ఉబ్బుగా, ఆకుపచ్చకు ఎరుపు జీర కలిసి ఉంటుంది. దీన్ని ఏళ్ల తరబడి ‘అలాటా’ అనే పేరుతో అమ్మారు. ఇప్పటికీ చాలా కుండీల మీద ఆ చీటీయే ఉంటుంది. పేరు తప్పయినా మొక్క మాత్రం మొండిది. కొత్తగా పెంచేవాళ్లకు ఇంతకన్నా మంచి నేస్తం లేదు. కూజాలు జానెడు పొడవుండి, ఒంటినిండా ఎర్రటి మచ్చలు, పెదవి మీద చారలు ఉంటే ‘మిరాండా’ అనే సంకరం కావచ్చు. కూజా పొట్టిగా, గుండ్రంగా అప్పాలచట్టి గుంతలా ఉండి, మూత సన్నగా వెనక్కి వంగిపోయి ఉంటే అది ఆంపుల్లారియా. దానికి పురుగులకంటే చెట్ల నుంచి రాలే ఆకుల మీదే ఎక్కువ ఆశ. అందుకే మూతను గొడుగులా కాకుండా పక్కకు తీసేసి కూర్చుంటుంది.

గుర్తుపట్టడంలో అందరూ బోల్తాపడే చోటొకటుంది. ఒకే మొక్కకు రెండు రకాల కూజాలు వస్తాయి! మొక్క చిన్నగా, నేలకు దగ్గరగా ఉన్నప్పుడు వచ్చే కూజాలు బొద్దుగా ఉంటాయి. వాటి ముందువైపు పైనుంచి కిందికి రెండు రెక్కల్లాంటి అంచులు, వాటికి కుచ్చులు. చీమలు ఎక్కడానికి అవి నిచ్చెనలు. అదే మొక్క తీగసాగి పైకి ఎక్కాక వచ్చే కూజాలు సన్నగా, గరాటులా ఉంటాయి. రెక్కలు దాదాపు మాయమవుతాయి. నులితీగ కూడా ముందువైపు బదులు వెనకవైపు అతుక్కుంటుంది. ఈ సంగతి తెలియక ‘పోయినేడు ఒక రకం కాసింది, ఈ ఏడు ఇంకో రకం కాస్తోంది’ అని తికమకపడతారు. అందుకే నిపుణులు ఒక్క కూజాను చూసి పేరు చెప్పరు. ఆకు కాండానికి ఎలా అతికింది, తొడిమ ఉందా లేదా, మూత ఆకారమేంటి, పెదవికి పళ్లున్నాయా, రెండు రకాల కూజాలూ ఎలా ఉన్నాయి... ఇవన్నీ చూస్తారు. పువ్వు పూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. నెపంథిస్‌లో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఇంట్లో ఒక్కటే ఉంటే గింజలు రావు.

దయ్యం బుట్ట... దొంగ మొక్క

పేరు తెలుసుకోవాలనడం చదువుకున్నవాళ్ల సరదా కాదు. అందులో చట్టం ఉంది.

మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ ఒకే ఒక్కటి. దాని పేరు ఖాసియానా. ఇల్లు మేఘాలయ. గారో, ఖాసీ, జైంతియా కొండల్లో అది పుడుతుంది. గారోలు దాన్ని ‘మెమాంగ్ కోక్సి’ అంటారు. దయ్యం బుట్ట అని అర్థం. ఖాసీలు ‘తియు రాకోట్’ అంటారట, రాకాసి పువ్వని. షిల్లాంగ్ నుంచి జొవాయ్ మీదుగా వెళితే జరైన్ అనే చోట కూజా మొక్కల పేరుతోనే ఒక సరస్సు ఉంది. దక్షిణ గారో కొండల్లోని బాఘ్‌మారాలో ఈ మొక్క కోసమే ఒక చిన్న అభయారణ్యం పెట్టారు. పులికీ ఏనుగుకూ అభయారణ్యాలు విన్నాం కానీ పురుగుల్ని తినే మొక్కకు అభయారణ్యం వినడానికే గమ్మత్తుగా లేదూ!

అయినా దానికి కష్టకాలమే. కొండపోడు, బొగ్గు తవ్వకాలు, రోడ్లు... వీటికి తోడు ‘వింత మొక్క’ అని పీక్కుపోయేవాళ్లు. మేఘాలయలో ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనుల్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది. అంతకు చాలా ముందే, 1991లో, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొక్కల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చారు. అప్పుడు ఆ జాబితాకెక్కినవి ఆరే ఆరు రకాలు. వాటిలో ఈ కూజా మొక్క ఒకటి. 2022 సవరణ తర్వాత కూడా ఆ రక్షణ అలాగే ఉంది. అడవిలోంచి పీకడం నేరం. లైసెన్సు లేకుండా పెంచడం, అమ్మడం కూడా కుదరదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలోనూ దీన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో పెట్టారు. అంటే మలేసియా మొక్కల సంకరాన్ని దర్జాగా కిటికీలో వేలాడదీసుకోవచ్చు కానీ, మన దేశపు మొక్కను అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకోకూడదన్నమాట. విచిత్రమే... కానీ న్యాయమైన విచిత్రం.

ఈ మాట కలకడ, పీలేరు వైపు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎర్రచందనం సంగతి వాళ్లకు తెలియంది కాదు. ప్రపంచంలో ఎక్కడా లేని చెట్టు మన కడప, చిత్తూరు కొండల్లో పెరగడం దాని అదృష్టమో మన దురదృష్టమో గానీ, రాత్రిళ్లు దుంగలు నరకడం, చెక్‌పోస్టులు, కేసులు... అన్నీ చూస్తూనే ఉన్నారు. అక్కడ టన్నుల లెక్క, ఇక్కడ పిడికెడు మొక్క. అంతే తేడా.

అందుకే కొనేముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఇదేం రకం? రెండు, ఎక్కడ పెంచింది? టిష్యూకల్చర్‌లోనో, కొమ్మ నాటో పెంచిన మొక్క అయితే ఆకులు శుభ్రంగా, కుండీలోని మట్టి ఒకే తీరుగా, పక్కనున్న మొక్కలన్నీ అక్కచెల్లెళ్లలా ఒకే ఎత్తులో ఉంటాయి. వేళ్లు తెగి, కాండం ముదిరి, ఆకులు చిరిగి, నాచుతో సహా పెకలించినట్టుంటే అనుమానించాల్సిందే. ‘అసలు మేఘాలయ అడవిదండీ’ అని గొప్పగా చెప్పి అమ్మజూపితే కొనకుండా వచ్చేయడమే. ఖాసియానా కూజా సాధారణంగా సన్నగా పొడుగ్గా, ఆకుపచ్చ మీద లేత ఎరుపుతో, పెదవి పెద్ద ఆర్భాటం లేకుండా ఉంటుంది. అయితే దాని రక్తం కలిసిన సంకరాలూ ఉన్నాయి కాబట్టి ఫొటో చూసి తేల్చేయడం కుదరదు. విదేశాల నుంచి పార్శిల్‌లో తెప్పించుకునే సరదా ఉన్నవాళ్లకు సైటిస్ పత్రాలు, ప్లాంట్ క్వారంటైన్ అనుమతులు తప్పనిసరి. నెపంథిస్ అన్నీ ఆ ఒప్పందం పరిధిలోనివే.

మనిషికి మంచివే... మొక్కకు విషం!

ఇక నీళ్ల దగ్గరికొద్దాం. మేఘాలయలోని చిరపుంజిలో ఏడాదికి 11 వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన పడమటి మండలాల్లో ఏడెనిమిది వందలు పడితే మంచి కాలం. అయినా అసలు తేడా ఎంత కురిసిందన్న దాంట్లో కాదు, ఆ నీళ్లలో ఏముందన్న దాంట్లో ఉంది. అక్కడ మొక్క తాగేది వాన నీళ్లు, ఉప్పు లేనివి. ఇక్కడ కుళాయిలో వచ్చేది రాతి పొరల్లో ఏళ్ల తరబడి నానిన బోరు నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, కొన్ని ఊళ్లలో ఫ్లోరైడ్. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ పెచ్చే రోజుకింత కుండీలో పేరుకుంటుంది.

నీళ్లలో కరిగిన లవణాల లెక్కను టీడీఎస్ అంటారు. తాగేనీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశపు ప్రమాణం. కూజా మొక్కకు 50 దాటకపోతే మంచిది. మనిషికి భేషుగ్గా ఉన్న నీళ్లు దానికి పదింతలు ఉప్పన్నమాట. నీళ్లు కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందనుకునేవాళ్లున్నారు. కాస్తే క్రిములు చస్తాయి, కొంత సున్నం గిన్నెకు అంటుకుంటుంది. మిగతా ఉప్పు అలాగే ఉండి నీళ్లే ఆవిరవుతాయి. అంటే ఇంకాస్త చిక్కబడతాయి!

కలకడలో దీనికి దారి లేదా అంటే... ఉంది. ఇంట్లో ఆర్వో మిషను ఉంటే దాని నీళ్లు చాలు. పక్క గొట్టంలోంచి వచ్చే వృథా నీళ్లు మాత్రం పొరపాటున కూడా పోయకూడదు, అందులోనే ఉప్పంతా ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్లు తెచ్చుకునే ఇళ్లలో ఒకసారి టీడీఎస్ చూసుకోవాలి. రుచి కోసం కొన్ని ప్లాంట్లలో మళ్లీ లవణాలు కలుపుతారు. పెన్నులాంటి ఆ కొలిచే పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మొక్క మాట ఎలా ఉన్నా, ఇంటిల్లిపాదీ ఏం తాగుతున్నారో కూడా దాంతో తెలిసిపోతుంది.

అన్నిటికన్నా మేలైనవి వాన నీళ్లు. కరవు సీమలో వాన నీళ్లా అని నవ్వకండి. లెక్క చూడండి. 100 చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 90 లీటర్లకు పైగా నీళ్లొస్తాయి. చిన్న కుండీకి వారానికి రెండు లీటర్లనుకుంటే ఆరు నెలలకు యాభై చిల్లర లీటర్లు. అంటే అక్టోబరు, నవంబరుల్లో ఒక్క గట్టి వాన పట్టుకుంటే ఎండాకాలం గడిచిపోతుంది! మొదటి జల్లు మిద్దె మీది దుమ్మును, పిట్టల రెట్టలను కడిగేస్తుంది కాబట్టి దాన్ని వదిలేయాలి. తర్వాతి నీళ్లు శుభ్రమైన డ్రమ్ములో పట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టి, మూతపెట్టి నీడలో ఉంచాలి. గుడ్డ కట్టకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

దోమలంటే గుర్తొచ్చింది. ఈ మొక్క ఇంట్లో ఉంటే దోమల బాధ ఉండదని కొందరు చెప్పి అమ్ముతారు. నమ్మొద్దు. కూజాలో పడేవి ఎక్కువగా చీమలే. అడవుల్లోనైతే కొన్ని రకాల దోమల పిల్లలు ఆ రసంలోనే దర్జాగా బతికేస్తాయి కూడా.

రోహిణి కార్తె గండం

కుండీలో మామూలు మట్టి పనికిరాదు. ఎర్రమట్టి, పెంట, ఇసుక కలిపిన మన గులాబీల మిశ్రమంలో పెడితే పదిహేను రోజుల్లో వేళ్లు కుళ్లుతాయి. స్ఫాగ్నం అనే నాచులో పెర్లైటు కలిపి పెడతారు. అది దొరక్కపోతే కొబ్బరి పొట్టు, పెంకుతో లేని పీచు ముక్కలు, పెర్లైటు. కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పునీటిలో నానబెడతారు కాబట్టి, మంచి నీళ్లలో మూడు నాలుగుసార్లు నానబెట్టి పిండాకే వాడాలి. ఈ ఒక్క పని బద్ధకించడం వల్ల పోయిన మొక్కలు తక్కువేం కాదు. తేమ ఉండాలి కానీ నీళ్లు నిలవకూడదు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నింపి ఉంచడం సర్రాసేనియాకు సరే, నెపంథిస్‌కు పనికిరాదు.

వెలుతురు బాగా కావాలి, నడినెత్తి ఎండ వద్దు. తూర్పు వాకిలి వరండా సరైన చోటు. పొద్దున ఎండ రెండు గంటలు తగిలితే కూజాలకు రంగు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొడిగాలి మొదలయ్యాకే అసలు గండం. గాలిలో తేమ తగ్గితే మొక్క చావదు, కూజాలు పెట్టడం మానేస్తుంది. ఆకు కొనన ఉన్న మొగ్గ మాడిపోతుంది. అప్పుడు చేపల పాత గాజు తొట్టో, పెద్ద ప్లాస్టిక్ డబ్బానో ఆదుకుంటుంది. అడుగున గులకరాళ్లు పరిచి నీళ్లు పోసి, ఆ రాళ్ల మీద కుండీ పెట్టాలి. మూత సగమే వేయాలి. పూర్తిగా బిగిస్తే ఆ వేడికి మొక్క ఉడికిపోతుంది. చుట్టూ తడి గోనెపట్ట కట్టడం మన పెద్దవాళ్లకు తెలిసిన పద్ధతే. కుండలో నీళ్లు చల్లబరచడానికి చేసేదే మొక్కకూ పనికొస్తుంది. కూలర్ ఎదురుగా మాత్రం పెట్టకూడదు.

ఇదే జిల్లా మనుషులకు హార్సిలీ హిల్స్ ఒక్కటే చల్లని చోటు. స్థానికులకది ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లెకు దగ్గర్లో నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తు. మే నెలలోనూ సాయంత్రానికి చలి పుట్టే ఆ కొండమీద రాత్రి చల్లదనం, పొద్దుటి మంచు కూజా మొక్కకు బాగా నప్పుతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కూడా ఎత్తు మీదున్న ఊళ్లే కాబట్టి వేసవి రాత్రులు కాస్త చల్లబడతాయి. కలకడ వాళ్లకు అంత భాగ్యం లేదు. వాళ్లు చల్లటి కొండల రకాలకు కాకుండా వేడికి ఓర్చుకునే వెంట్రాటా, మిరాండాలకే పరిమితం కావడం తెలివైన పని. తెచ్చుకునేందుకు మంచి కాలం కూడా వేసవి కాదు, వానలు మొదలయ్యాక. ప్రయాణపు బడలికకు పాత కూజాలు ఎండిపోతాయి. కంగారుపడి పీకి చూడకుండా ఒకటి రెండు నెలలు ఓపిక పడితే కొత్త ఆకులతో కొత్త కూజాలు వస్తాయి.

తిండి సంగతి అడక్కండి. చీమలు అవే వచ్చి పడతాయి. మాంసం ముక్కలు, కోడిగుడ్డు వేస్తే కూజా కుళ్లి కంపు కొడుతుంది. పిల్లలు వేలు పెడతారనే భయం అక్కర్లేదు, దానికి కరిచే శక్తి లేదు. కానీ కూజాను వంచి రసం ఒలకబోస్తే ఆ కూజా ఆయుష్షు తగ్గుతుంది. తీగ బాగా సాగిపోతే రెండు మూడు కణుపులతో కోసి తడి నాచులో గుచ్చితే వేళ్లు వేస్తుంది. ఎదురింటివాళ్లకు ఇవ్వడానికి అదే మార్గం.

చెరువు కట్ట కింద

ఇంత ఖర్చు, శ్రమ పడకుండా పురుగుల్ని తినే మొక్కను చూడాలంటే రాయలసీమలోనే ఇంకో దారి ఉంది. వానలు పడ్డాక కొండవాలులో ఊటనీరు చెమర్చే ఇసుక నేలలు, చెరువు అంచులు వెతకాలి. అక్కడ రూపాయి బిళ్లంత ఎర్రటి పువ్వులా నేలకు అతుక్కుని ఒక మొక్క ఉంటుంది. వంగి చూస్తే పువ్వు కాదు, ఆకులు. ఒక్కో ఆకుకు సన్నటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన మంచుబిందువులాంటి జిగురు. అదే డ్రోసెరా బర్మానీ. చిన్న ఈగ వాలితే దాని అంచు వెంట్రుకలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. మొక్కల లోకంలో ఇది మెరుపు వేగమే. దీని బంధువు డ్రోసెరా ఇండికా నిలువుగా, దారాల్లాంటి ఆకులతో ఉంటుంది. చెరువు నీళ్లలో పసుపు పువ్వులతో తేలే యుట్రిక్యులేరియా ఇంకో వేటగత్తె. దాని ఆకులకున్న ఆవగింజంత తిత్తులు కన్ను మూసి తెరిచేలోపు నీటిపురుగును లోపలికి పీల్చేసుకుంటాయి.

పశువులు తొక్కుకుంటూ పోయే చోటే ఉంటాయి ఇవి. పేరు తెలియక ఎవరూ పట్టించుకోరు. చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, జిగురు బొట్లు ఎండకు మెరుస్తుంటాయి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఒక భూతద్దం వెంటబెట్టుకుంటే చాలు. తవ్వి ఇంటికి తేవడం దండగ. ఆ తడి ఇసుక నేల కుండీలో కుదరదు, వారం తిరిగేలోగా వాడిపోతుంది. అక్కడే వదిలేస్తే జనవరి దాకా పూలు పూస్తుంది. చెరువు ఇంకి నేల బీటలు వారేసరికి మొక్క ఎండి మాయమవుతుంది. దుమ్ములాంటి దాని గింజలు ఆ ఇసుకలోనే మళ్లీ వాన పడేదాకా ఉంటాయి.